రెండో పేరు

మా అబ్బా దర్జీ. నేను జర్నలిస్టుని. "ఇద్దరిదీ కైంచీ పనే" అని అమ్మీ నవ్వేది. ఆయన గుడ్డ కత్తిరిస్తాడు, నేను వార్త కత్తిరిస్తాను. ఫరక్ ఒక్కటే. అబ్బా నాపు తీసుకున్నాకే కైంచీ పట్టుకుంటాడు. నేను నాపు చూడకుండా కత్తిరించిన ఒక ముక్క గురించి ఈ ముచ్చట.

2012 ఆగస్టు 5, ఆదివారం రాత్రి. రంజాన్ నెల నడుస్తోంది. హైదరాబాద్‌లో ఒక తెలుగు పత్రికలో నాకు నైట్ డ్యూటీ, స్పోర్ట్స్ పేజీ. లండన్ ఒలింపిక్స్ జోరు మీదున్నాయి. ముందురోజే మన సైనాకు కాంస్యం వచ్చింది. పేజీలో సగం ఆమెదే. మిగతా సగం ఉసేన్ బోల్ట్ కోసం ఖాళీ పెట్టుకుని కూర్చున్నాం. వంద మీటర్ల ఫైనల్ మన టైం ప్రకారం రాత్రి రెండు దాటాక. పేజీ అడుగున వేలెడంత జాగా మిగిలింది. అందులో ఏజెన్సీ నుంచి వచ్చిన ఒక బిట్ వేయమన్నారు.

సెయిలింగ్. స్టార్ క్లాస్ అనే ఇద్దరు నడిపే పడవల పోటీ. స్వీడన్ జోడీ ఫ్రెడ్రిక్ లూఫ్, మాక్స్ సాల్మినెన్‌కు స్వర్ణం. చివరి రేసు దాకా ముందున్న బ్రిటన్ జోడీ ఇయాన్ పెర్సీ, ఆండ్రూ సింప్సన్‌కు రజతం. బ్రెజిల్‌కు కాంస్యం.

నాకు ఆ ఆట తెలీదు. నాలుగు లైన్లు రాశాను. మూడే పట్టాయి. ఏదో ఒకటి పోవాలి. "లూఫ్‌కు స్వర్ణం" అని హెడ్డింగ్ పెట్టి, సాల్మినెన్ పేరున్న లైన్ కొట్టేశాను. ఒక్క సెకను కూడా ఆలోచించలేదు. బోల్ట్ గెలిచాడు, పేజీ వెళ్ళిపోయింది, నేను సహరీకి పరుగెత్తాను.

రెండు రోజుల తర్వాత వీక్లీ ఆఫ్‌కు మెదక్ వచ్చాను. మా ఇల్లు కిల్లా కింద గల్లీలో. ముందు గది దుకాణం, వెనక గదులు ఇల్లు. పండగకు రెండు వారాలు కూడా లేదు. దర్జీ ఇంట్లో రంజాన్ అంటే మీకు తెలుసు కదా. తరావీహ్ అయ్యాక మొదలైన మెషీన్ సహరీ దాకా ఆగదు. షేర్వానీలు, కుర్తా పైజామాలు, పిల్లల జోళ్ళు, "చాచా, మాది అయిందా" అని గంటకొకరు.

అబ్బాకు ఉర్దూ తప్ప తెలుగు చదవడం రాదు. నేను వచ్చినప్పుడల్లా నా పేజీ చదివి వినిపించాలి. అది ఆయన షౌక్. సైనా అయింది, బోల్ట్ అయింది, కింద బిట్ కూడా చదివాను. ఇద్దరు కలిసి నడిపే పడవ అని వివరం కూడా చెప్పాను. ఆయన మెషీన్ ఆపాడు.

"క్యా రే, దో జనే చలానే కీ కష్తీ బోలా. నామ్ ఏకిచ్ హై?"

"జగా నై థీ అబ్బా."

లోపలి గడప దగ్గర అమ్మీ కూర్చుని ఉంది. ఒళ్ళో ఎవరిదో షేర్వానీ. కాజాలు కుడుతోంది. తల ఎత్తకుండానే అన్నది: "రహనే దేవ్ జీ. దూస్రే కే నామ్ కూ జగా కబ్ థీ."

రెండోవాళ్ళ పేరుకు జాగా ఎప్పుడుండింది అని. నవ్వుతూనే అన్నది. అబ్బా కూడా నవ్వి మెషీన్ తొక్కడం మొదలుపెట్టాడు. నేను మాత్రం తల ఎత్తి దుకాణం బోర్డు వైపు చూశాను. బోర్డు మీద అబ్బా పేరు. దాని కింద "అండ్ సన్స్". ఆయనకున్న కొడుకుని నేనొక్కణ్ణే. నాకు గుండీ కుట్టడం కూడా రాదు. ఆ దుకాణంలో నేను పుట్టక ముందు నుంచీ ప్రతి కాజా, ప్రతి తుర్పాయి, ప్రతి అస్తర్ అమ్మీ చేతిది. షేర్వానీకి ఏడు కాజాలు. ఒక్కోటి పావుగంట. బోర్డు మీద నేనున్నాను, ఆమె లేదు.

*

ఆ సిగ్గుతోనే ఆ పడవ గురించి చదవడం మొదలుపెట్టాను. ఒక్క పేరు కొట్టేసినందుకు కఫ్ఫారా అనుకోండి.

స్టార్ చాలా పాత పడవ. 1910లో న్యూయార్క్‌లో విలియం గార్డనర్ అనే పేరున్న డిజైనర్ ఆఫీసులో దాని నక్షా తయారైంది. మొదటి పోటీలు 1911లో. గీసింది గార్డనర్ కాదు, ఆయన దగ్గర పనిచేసే ఫ్రాన్సిస్ స్వీస్‌గుత్. ఇక్కడా రెండో పేరే చూడండి. పొడవు 7 మీటర్లకు కాస్త తక్కువ. ఖరీదు తక్కువగా, మామూలు మనిషి కూడా కొనుక్కునేలా ఉండాలని చేశారు. ఇప్పటికి 8 వేలకు పైగా తయారయ్యాయి. పెద్ద తెరచాప మీద ఎర్ర నక్షత్రం గుర్తు. ప్రపంచ ఛాంపియన్లకు ఆ నక్షత్రం బంగారు రంగులో ఉంటుంది. 1932 ఒలింపిక్స్‌లో అడుగుపెట్టి, 1976లో ఒక్కసారి తప్ప, 2012 దాకా ఉంది. ఆ తర్వాత తీసేశారు. అంటే ఆ రాత్రి నేను కత్తిరించింది స్టార్ పడవ ఒలింపిక్స్‌లో గెలిచిన ఆఖరి స్వర్ణం వార్త.

కీల్ అంటే పడవ అడుగున నీళ్ళలోకి దిగి ఉండే ఇనుప రెక్క. స్టార్ మొత్తం బరువు 671 కిలోలైతే, అందులో 400 కిలోలు ఆ రెక్కదే. సగం కంటే ఎక్కువ బరువు ఎవరికీ కనిపించని చోట ఉంటుందన్నమాట. గాలి పక్కనుంచి తోస్తుంది, పడవ ఒరుగుతుంది, కింద బరువు మళ్ళీ నిలబెడుతుంది. ఇంకో పని కూడా ఉంది. పక్కకు కొట్టుకుపోకుండా కీల్ నీళ్ళను పట్టుకుంటుంది. తడి చింతగింజను రెండు వేళ్ళ మధ్య నొక్కితే ముందుకు జారిపోతుంది చూడండి, అట్లా ఒకపక్క గాలి, ఒకపక్క నీళ్ళు నొక్కితే పడవ ముందుకు పోతుంది. గాలి ఎదురుగా వస్తున్నా సరే, సూటిగా కాదు గానీ అటోసారి ఇటోసారి వంకర్లు తిరుగుతూ దాని మీదికే ఎక్కిపోతుంది.

ఇద్దరిలో ఒకరు స్కిప్పర్. చుక్కాని, పెద్ద తెరచాప తాడు ఆయన చేతిలో. రెండో మనిషి క్రూ. ముందున్న చిన్న తెరచాప, స్తంభాన్ని వెనక నుంచి పట్టి ఉంచే తాళ్ళు అతని పని. స్టార్ స్తంభం సన్నగా ఉంటుంది, విల్లులా వంగుతుంది. పడవ మలుపు తిరిగినప్పుడల్లా ఒక తాడు వదిలి ఇంకో తాడు బిగించాలి. సమయానికి బిగించకపోతే స్తంభం విరిగిపోవచ్చు. గాలి ఎక్కువైతే క్రూ పడవ అంచుకు కాళ్ళు తగిలించి, ఒళ్ళంతా బయటికి వేలాడదీస్తాడు. వీపు దాదాపు నీళ్ళను తాకుతుంది. అలలన్నీ ముందు అతనికే తగులుతాయి. ఎటు పోవాలో తేల్చేది, పేపర్లో పడేది మాత్రం స్కిప్పర్.

ఇంకో సంగతి చదివి, మళ్ళీ ఇంటికి వచ్చినప్పుడు అబ్బాకు చెప్పాను. లోవెల్ నార్త్ అని ఒక అమెరికన్. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో స్టార్ స్వర్ణం గెలిచాడు. ఆయన వృత్తి తెరచాపలు కుట్టించడం. ఇంజనీరింగ్ చదివి, తెరచాపల కార్ఖానా పెట్టి, తన పేరునే ప్రపంచం మొత్తం తెలిసేలా చేశాడు.

"బోలే తో దర్జీ?" అన్నాడు అబ్బా.

"దర్జీనే అబ్బా."

"దర్జీ గెలిచిండు!" పక్కన ఇస్త్రీ చేసే పిల్లవాడికి కూడా చెప్పాడు. నేను ఈసారి జాగ్రత్తపడ్డాను. ఆయన పక్కన పీటర్ బారెట్ అనే క్రూ ఉన్నాడని చెప్పాను. లోవెల్ నార్త్ కూడా మొదట క్రూనే అని చెప్పాను. 1945లో ఇంకా మీసాలు రాని వయసులో మాలిన్ బర్నమ్ అనే కుర్రాడి పక్కన క్రూగా కూర్చుని ప్రపంచ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. అమ్మీ లోపలి నుంచి, "ఆ పిల్లగానికి బరువు మోసుడు మొదలే తెలుసు" అన్నది.

*

నేను పదో తరగతి దాకా చదివింది ఉర్దూ మీడియం. డిగ్రీ తెలుగు సాహిత్యం. ఉర్దూ షాయరీ నిండా కష్తీ, తూఫాన్, సాహిల్, నాఖుదా. క్లాసులో అవన్నీ బట్టీ పట్టాం. బడి కిటికీలోంచి చూస్తే కిల్లా రాళ్ళు, దూరంగా చర్చి శిఖరం. సముద్రం మా ఊరికి ఎటు చూసినా కొన్ని వందల కిలోమీటర్లు. నేను పడవంటే చూసింది చెరువులో చేపలు పట్టేవాళ్ళ తెప్ప, మంజీరలో పుట్టి. తెరచాప అనేది షేరులో తప్ప ఎక్కడా చూడలేదు.

ఉర్దూలో దాన్ని బాద్‌బాన్ అంటాం. బాద్ అంటే గాలి, బాన్ అంటే కాపలావాడు. గాలిని కాసేది. తెలుగులో తెరచాప. తెర, చాప. ఆ మాట పుట్టిన రోజుల్లో తెరచాప నిజంగా చాపే అయ్యుండాలి. ఒక భాష అది చేసే పనిని చెప్పింది, ఇంకో భాష అది దేనితో అయిందో చెప్పింది. అబ్బాకు ఈ ఫరక్ చెబితే, "రెండూ కావాలె. గుడ్డ తెల్వకుంటే కుట్టలేం, మనిషి తెల్వకుంటే కుట్టి లాభం లేదు" అన్నాడు.

డిగ్రీలో మా సార్ తత్సమం, తద్భవం, దేశ్యం చెప్పి, చివర్న అన్యదేశ్యం చెప్పారు. బయటి నుంచి వచ్చిన మాటలు అని. ఉదాహరణకు లంగరు అన్నారు. ఫార్సీ మాట. క్లాసులో ముస్లిం పిల్లవాణ్ణి నేనొక్కణ్ణే. నా ముందు బెంచీవాడు వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వాడు. ఆ నవ్వు చాలా రోజులు గుచ్చుకుంది. తర్వాత తెలిసింది, చుక్కాని కూడా అరబ్బీ సుక్కాన్ నుంచి వచ్చిందేనని. ఓడ మీద పనిచేసే కళాసీ మన ఖలాసీయే. తెలుగు ఓడను తిప్పాలన్నా, ఆపాలన్నా ఈ అన్యదేశ్యాలు లేకుండా కుదరదు. ఇప్పుడైతే ఆ బెంచీవాడికి ఈ మాట చెప్పి, చాయ్ తాగించి పంపేవాణ్ణి.

*

2013 మే నెలలో ఇంకో బిట్ వచ్చింది. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర, అమెరికాస్ కప్ ప్రాక్టీసులో ఒక పెద్ద పడవ తిరగబడింది. ఒక నావికుడు దాని కింద చిక్కుకుని చనిపోయాడు. వయసు 36. పేరు ఆండ్రూ సింప్సన్.

పేరు వెంటనే గుర్తొచ్చింది. లండన్‌లో రజతం గెలిచిన బ్రిటన్ జోడీలో రెండోవాడు. 2008 బీజింగ్‌లో పెర్సీతో కలిసి స్వర్ణం గెలిచినవాడు. క్రూ. ఈసారి హెడ్డింగ్‌లో ఆయన పేరే ఉంది, ఫోటో కూడా ఉంది. ఇన్నాలిల్లాహి చదువుకుని ఐటెం చేశాను. రెండో మనిషి పేరు మొదట రావాలంటే చావే రావాలా అని ఆ రాత్రి అనిపించింది. అనిపించింది అంతే. పేజీ పంపి పడుకున్నాను. మనకు అనిపించేవన్నీ మనల్ని మారుస్తాయా ఏంటి.

*

2014లో అబ్బా కంటి చూపు తగ్గింది. దర్జీకి కన్ను పోతే రిజ్క్ పోయినట్టే. హైదరాబాద్ తీసుకెళ్ళి చూపించాను. అమ్మీ కూడా వచ్చింది. ఆపరేషన్ చేస్తే బాగవుతుందని డాక్టర్ అన్నాక అందరికీ మనసు తేలికైంది. సాయంత్రం బస్సుకు టైం ఉంది. జూలై నెల. హుస్సేన్ సాగర్ మీద సెయిలింగ్ పోటీలు జరుగుతున్నాయి. పదండి, చూపిస్తా అన్నాను.

హుస్సేన్ సాగర్ గురించి మీకు చెప్పేదేముంది. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో తవ్వింది, హజ్రత్ హుస్సేన్ షా వలీ పేరు మీద ఉంది. ఆ నీళ్ళలో ఆర్మీ వాళ్ళు ఎన్నో ఏళ్ళుగా తెరచాప పడవలు నేర్పుతున్నారు. 2009లో మొదలైన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ బస్తీ పిల్లలకు కూడా నేర్పిస్తోంది. రసూల్‌పురా గల్లీల పిల్లలు ఆ నీళ్ళ మీద తెరచాపలు పట్టుకుని తిరుగుతుంటే చూడాలి మీరు. అక్కడ స్టార్ లేదు. ఉన్నవన్నీ చిన్న పడవలు, వాటికి కీల్ బదులు పైకి లాగే పలక ఉంటుంది. అందులో కొన్ని ఇద్దరివి.

ప్రెస్ కార్డు చూపించి పడవలు దింపే ఒడ్డుకు తీసుకెళ్ళాను. గడ్డి మీద ఒక తెరచాప పరిచి ఉంది. ఒక జవాను చిరుగు కుడుతున్నాడు. అబ్బా నన్ను అడగలేదు, అతన్నీ అడగలేదు. సలాం చేసి కూర్చుని, గుడ్డ అంచు వేళ్ళ మధ్య పెట్టి నలిపాడు. కలఫ్ పెట్టిన కుర్తాలా పెళపెళమంది. పాలిస్టర్ నేత, దానికి రెజిన్ పూత. పడుగు వైపు లాగాడు, పేక వైపు లాగాడు, తర్వాత ఉరేబ్‌గా, మూల నుంచి మూలకు లాగాడు.

"ఉరేబ్‌లనే సాగుతది" అన్నాడు. జవాను తల ఎత్తి చూశాడు. అసలు తెరచాప విద్యంతా ఆ ఒక్క మాటలో ఉందని నేను చదివాను. నేత గుడ్డ దారం వెంట సాగదు, ఏటవాలుగా సాగుతుంది. గాలి లాగుడంతా తెరచాప వెనక అంచు వెంట ఉంటుంది. అందుకే ముక్కల్ని ఆ అంచుకు అడ్డంగా పేర్చి, దారం సరిగ్గా ఆ లాగుడు వెంట వచ్చేలా కత్తిరిస్తారు.

అబ్బా ఆ ముక్కల అతుకులు వేలితో చూసుకుంటూ పోయాడు. "కలీదార్ కుర్తా ఇది" అన్నాడు. నిజమే. తెరచాపను నేల మీద పరిస్తే బల్లపరుపుగా పరుచుకోదు. ఒక్కో కలీ అంచును కాస్త వంపుగా కత్తిరించి కలిపితే మధ్యలో పొట్ట వస్తుంది. ఆ పొట్ట ఎంత లోతుండాలి, ఎక్కడుండాలి అన్నదే తెరచాప కుట్టేవాడి హునర్. ఎక్కువైతే పడవ ఒరిగిపోతుంది, తక్కువైతే కదలదు. ఎండకు, రెపరెపలకు గుడ్డ సాగిపోతే ఆ పొట్ట వెనక్కి జారుతుంది. అప్పుడు తెరచాప చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ ముసలిదైపోయినట్టు.

"లోపల ఒక బదన్ ఉంది బేటా" అన్నాడు అబ్బా. "గాలికి నాపు తీసి కుట్టిర్రు."

వెనక అంచులో సన్నని పట్టీలు దూర్చి ఉన్నాయి. కాలర్‌లో బోన్ పెట్టినట్టే అన్నాడు. మధ్యలో చిన్న ఊలు దారాలు అంటించి ఉన్నాయి. ఇవెందుకు, దారం తెంపడం మర్చిపోయారా అని నవ్వాడు. జవాను చెప్పాడు, గాలి సాఫీగా పోతే దారం వెనక్కి చక్కగా పరుచుకుంటుంది, తెరచాప సరిగ్గా పెట్టకపోతే దారం తబ్బిబ్బు అవుతుంది అని. అబ్బా చాలాసేపు ఆ దారాలనే చూశాడు.

అమ్మీ అప్పటిదాకా కొంచెం దూరంగా నిలబడింది. నఖాబ్ సర్దుకుని వచ్చి తెరచాప కింది మూల దగ్గర కూర్చుంది. అక్కడ లోహపు రింగు ఉంది. తాడు కట్టేది దానికే. దాని చుట్టూ నాలుగైదు పొరల గుడ్డ పెట్టి విసనకర్రలా కుట్టారు. ఆమె ఆ కుట్టు మీద బొటనవేలు పెట్టి, రింగు చుట్టూ ఒకసారి తిప్పింది.

"జోరంతా కాజా మీదనే" అన్నది.

జవాను హిందీలో, "అవును అమ్మాజీ, మొత్తం తెరచాప బలం వచ్చి ఈ మూలలో పడుతుంది, ఇది చిరిగితే అంతా పోయినట్టే" అన్నాడు. అమ్మీ తల ఊపింది. ఆమెకు ఎవరో చెప్పాలా.

నీళ్ళ మీద ఒక ఇద్దరి పడవ మలుపు తిరిగింది. వెనక కూర్చున్నవాడు నింపాదిగా ఉన్నాడు. ముందున్నవాడు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు గెంతి, తాడు లాగి, ఒళ్ళంతా బయటికి వేశాడు. "ఆ వేలాడేది ఎవరు?" అని అమ్మీ అడిగింది. క్రూ అని చెప్పాను. "నీ పేపర్ల రాయనోడా?" అన్నది. అబ్బా, నేను ఇద్దరం నవ్వాం. ఇద్దరం తప్పు చేసినవాళ్ళలాగే నవ్వాం.

*

2021 మేలో కరోనా రెండో దశలో అమ్మీ వెళ్ళిపోయింది. ఆ రోజుల సంగతి ఏ ఇంట్లో చెప్పినా ఒకటే, చెప్పను. జనాజాకు పదిమంది కూడా లేరు. అప్పటికి నేను మెదక్‌లోనే పనిచేస్తున్నాను. 2016లో మా ఊరు జిల్లా కేంద్రం అయ్యాక రిపోర్టర్‌గా ఇక్కడికే వచ్చేశాను.

మర్నాడు జిల్లా పేజీల్లో వార్త వచ్చింది. "సీనియర్ జర్నలిస్టుకు మాతృవియోగం." హెడ్డింగ్ నాది. మొదటి లైన్‌లో నా పేరు, నా పత్రిక పేరు. రెండో లైన్‌లో సంతాపం తెలిపిన వాళ్ళ పేర్లు, పదకొండు. లెక్కపెట్టాను. అమ్మీ పేరు ఎక్కడా లేదు. రాసినవాడు నా దోస్తే. వాణ్ణి తప్పు పట్టను. అట్లాంటి వార్తలు నేనే వంద రాసుంటాను. ఎవరికో మాతృవియోగం, ఎవరికో భార్యావియోగం. పోయింది ఎవరో తెలీదు, ఎవరికి పోయిందో తెలుస్తుంది.

పెట్టెలో పాత కాగితాలు చూస్తుంటే నా చెల్లెలి షాదీ రుఖా దొరికింది. ఉర్దూలో అచ్చువేయించింది నేనే. పెళ్ళికొడుకు పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. చెల్లెలి పేరు లేదు. "దుఖ్తర్-ఎ-నేక్ అఖ్తర్" అని ఉంది. మన ఇళ్ళలో ఎన్ని రుఖాల మీద చూసి ఉంటారు మీరు. అఖ్తర్ అంటే నక్షత్రం. మంచి నక్షత్రపు బిడ్డ. వినడానికి ఎంత బాగుంది. పేరు మాత్రం లేదు. ఇజ్జత్ కోసం అంటాం, హయా కోసం అంటాం. మా అమ్మీ హయాకు ఏం తక్కువ? కానీ మన ప్రవక్త ఇంటి బేగంల పేర్లు, బిడ్డల పేర్లు మనకు పిల్లప్పుడే నోటికి వచ్చు. వాళ్ళ పేర్లే మన ఆడపిల్లలకు పెట్టుకుంటాం. పెట్టుకుని మళ్ళీ దాచేస్తాం.

చాలీస్వాఁ అయ్యాక అబ్బాతో అన్నాను. బోర్డు రంగు పోయింది, కొత్తది రాయిద్దాం, అమ్మీ పేరు కూడా పెడదాం. అబ్బా చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బజార్ల నిలబెట్టాల్నా ఆమె పేరు?" అన్నాడు. నేను జర్నలిస్టును కదా, వాదించాను. హుస్సేన్ సాగర్ గుర్తుచేశాను, జోరంతా కాజా మీదనే అన్నది గుర్తుచేశాను. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు కానీ ఒప్పుకోలేదు. నాకు కోపం వచ్చింది. రెండు రోజులు మాట్లాడుకోలేదు.

మూడోరోజు ఆయనే పిలిచాడు. మెషీన్ ముందు చిన్న కాగితం పెట్టాడు. షేర్వానీ మెడ లోపల కుట్టే లేబుల్ నమూనా. అంతకుముందు దాని మీద దుకాణం పేరు ఒక్కటే ఉండేది. ఇప్పుడు ఉర్దూలో రెండు పేర్లు రాశాడు. పైన ఆయనది. కింద ఆమెది. ఒకే సైజు అక్షరాలు.

"బోర్డు మీద వద్దు" అన్నాడు. "లోపల పెడ్త. తొడుక్కునేటోని మెడకు తగుల్తది."

నాకు అది చాలదనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది. పేరు లోపల ఎందుకుండాలి, బయట ఎందుకు కాదు? కానీ ఆ మనిషి డెబ్బై దాటి, ఒక్కడే ఒక రాత్రంతా కూర్చుని ఆ రెండో పేరుకు జాగా చేశాడు. నాకు పేజీ అడుగున జాగా దొరకలేదు. ఆయన మెడ పట్టీలో రెండు వేళ్ళ వెడల్పులో దొరికించాడు. ఆ రోజు నుంచి ఆ దుకాణంలో లేబుల్ లేకుండా ఒక్క జత బయటికి పోలేదు. కాజాలు ఇప్పుడు పక్క వీధిలో ఒక ఆపా కుడుతున్నది. ఆమె పేరు కూడా రాద్దామా అంటే, అబ్బా ఈసారి నవ్వి, "పూఛ్‌కే దేఖ్" అన్నాడు. అడిగి చూడాలి.

నా సంగతికి వస్తే, 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలప్పుడు సెయిలింగ్ మీద ఒక ముక్క రాశాను. 470 అనే ఇద్దరి పడవ. హుస్సేన్ సాగర్‌లో నేర్చుకున్న మన ప్రీతి కొంగర, సుధాంశు శేఖర్‌తో కలిసి దేశం తరఫున దిగింది. లైన్ ఎక్కువైంది. ఏదైనా కొట్టేయండి అన్నారు డెస్క్ నుంచి. వాతావరణం గురించిన లైన్ కొట్టేశాను.

అమ్మీ పేరు ఇక్కడ రాయలేదని మీరు గమనించే ఉంటారు. అబ్బాకు ఇచ్చిన మాట అది, ఆయన ఉన్నంత కాలం బయట రాయనని. చదవాలనుకుంటే మెదక్ రండి. కిల్లా కింద గల్లీలో దర్జీ దుకాణం ఎక్కడని అడగండి. ఒక కుర్తా కుట్టించుకోండి. రంజాన్‌కు ముందే రండి, తర్వాతైతే ఆయన ఆర్డర్ తీసుకోడు.